బ్లీచింగ్ నీళ్లు

వంటింట్లోంచి ఘాటైన వాసన వచ్చింది.

పద్మప్రియ విసవిసా వెళ్లి చూసింది. కొత్త పనిమనిషి ఓబమ్మ నల్ల గ్రానైట్ గట్టు మీద చెంబుతో ఏవో నీళ్లు పోస్తోంది.

"ఏం పోస్తాండావే బండమీద?"

"బ్లీచింగ్ నీళ్లమ్మా. పొద్దున కోడిని ఈడే కదా కోసింది."

"తడిగుడ్డతో తుడిస్తే చాలదా?"

"చాలదమ్మా. పచ్చిమాంసం నీళ్లు కంటికి కనపడకుండా బండకే అంటుకోనుంటాయి. సబ్బేసి వేన్నీళ్లతో కడిగినా. ఇవి పది నిమిషాలు నిలిస్తే ఉండే క్రిమి చస్తాది. మళ్లా మంచినీళ్లతో కడిగేస్తా. పెద్దాస్పత్రిలో ఆయాగా ఉన్నప్పుడు నేర్పించినారు."

పద్మప్రియకు ఒళ్లు మండింది. భర్త రాఘవేంద్రకు కుందుర్పి దగ్గర క్వారీ ఉంది. అనంతపురంలో కట్టుకున్న కొత్త ఇంటికి ఏరి ఏరి తెప్పించిన పలక అది. పైగా రెండువేల మూడు ఎండాకాలం. బోర్లన్నీ ఎండిపోయాయి.

"ట్యాంకరు నాలుగు దినాలకొకసారి వస్తాంది. బండకే మూడు బిందెలు పోస్తావా? ఆ మందుకు మెరుగు పోతే నీ అబ్బ తెస్తాడా?"

"పాప ఈ గట్టెక్కి కూచోనే తింటాది కదమ్మా."

"నా బిడ్డ సంగతి నాకు చెప్తావా? రేపట్నించి తడిగుడ్డే. అర్థమాయెనా?"

ఓబమ్మ తలూపి, డబ్బా మూత పెట్టేసింది.

పది రోజుల తర్వాత ఆరేళ్ల లహరికి వాంతులు పట్టుకున్నాయి. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు.

"అదేనండీ! ఆ ఓబమ్మే!" పద్మప్రియ గుండెలు బాదుకుంది. "నేను తిట్టినానని కసి పెట్టుకొనింది. ఆ బ్లీచింగే కలిపింటాది."

రాఘవేంద్ర ఆస్పత్రి బయటికి నడిచాడు. జీపెక్కి ఇంటికొచ్చాడు.

ఓబమ్మ అంట్లు తోముతోంది. అతను వంటింటి తలుపు గడియ పెట్టాడు.

"నా బిడ్డకేం కలిపినావ్?"

"ఏమీ కలపలేదు సామీ. పాప ఎట్లుండాది?"

"నా బిడ్డ మాట నీ నోట రాకూడదు. ఏ చేత్తో కలిపినావో ఆ చెయ్యి బండమీద పెట్టు."

ఓబమ్మ అతని ముఖంలోకి చూసింది.

తర్వాత కుడిచెయ్యి తీసి గట్టు మీద పెట్టింది.

అతను గుండ్రాయి ఎత్తి దించాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మోకాళ్ల మీద కూలబడింది.

"పో. పోలీసులకు చెప్పుకుంటావో, దేవునికి చెప్పుకుంటావో, చెప్పుకోపో!"

నలిగిన చేతిని రొమ్ముకు అదుముకుని ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"పాపకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాపిస్తాండండి సామీ."

"పోతావా లేదా!"

తిరిగి ఆస్పత్రికి పోతుంటే రాఘవేంద్రకు కడుపు చల్లబడినట్టయింది. మా జోలికొస్తే ఏమవుతుందో దానికి తెలిసొచ్చిందిలే అనుకున్నాడు.

మూడో రోజు లహరి లేచి కూర్చుంది. డాక్టర్ అరుణజ్యోతి రిపోర్టులు చూసి ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"విషమూ లేదు, బ్లీచింగూ లేదు. ఇది పచ్చిమాంసంలో ఉండే క్రిమి. ఇంట్లో కోడిని ఎక్కడ కోస్తారు?"

"గట్టు మీదనే," అంది పద్మప్రియ.

"తర్వాత ఎలా కడుగుతారు?"

"తడిగుడ్డతో తుడుస్తాం."

"అక్కడే పాపకేమైనా తరిగారా?"

పద్మప్రియకు ఆదివారం గుర్తొచ్చింది. చుట్టాలొచ్చారని రెండు కోళ్లు కోసింది. తడిగుడ్డతో తుడిచి, అక్కడే పాపకు దోసకాయ తరిగి ఇచ్చింది.

"సబ్బుతో కడిగి, పది నిమిషాలు బ్లీచింగ్ నీళ్లు నిలవనిచ్చుంటే పాపకు ఈ బాధ తప్పేదమ్మా."

"ఒకామె అట్లనే చేస్తాండె," అంది పద్మప్రియ. "నేనే వద్దంటి."

రాఘవేంద్ర కుర్చీలోంచి లేచాడు.

ఊరి చివర గుడిసెల్లో వాళ్లిద్దరికీ ఓబమ్మ ఇల్లు దొరికింది. తాళం వేసి ఉంది. పక్క గుడిసె ముందు తిమ్మక్క అనే ముసలామె శెనక్కాయలు ఒలుస్తోంది.

"ఓబమ్మ యాడికి పోయింది?" అడిగాడు రాఘవేంద్ర.

"నిన్న బెంగళూరు బస్సెక్కె. ఆడ యాడుంటాదో నాకూ చెప్పలేదు."

"చెయ్యి ఎట్లుండాది?"

"మూడు వేళ్లు పనికి రావంట. పనిమనిషికి చెయ్యి పోతే ఇంకేముంటాదప్పా?"

పద్మప్రియ ఏడ్చేసింది. "తెలీక చేసినాం అవ్వా. ఆమె మళ్లా వస్తే చెప్పు. వచ్చి కాళ్లు పట్టుకుంటాం."

తిమ్మక్క ఒలవడం ఆపి రాఘవేంద్రను ఎగాదిగా చూసింది.

"క్వారీ రాఘవేంద్ర అంటే నువ్వేనా?"

"ఊఁ."

"నిరుడు నీ క్వారీలో బండ జారి ఒక పిల్లోడు సచ్చిపాయె. వాడు నీ కూలోడే కాదని, దొంగతనానికి వచ్చినాడని పోలీసోళ్లకు చెప్పి రాయిస్తివి. గుర్తుండాదా?"

రాఘవేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు.

"శశికుమార్," అన్నాడు.

"వాని తల్లేనప్పా ఓబమ్మ," అంది తిమ్మక్క, "నీ బిడ్డను చంపాలనే ఎలకలమందు కొంగున ముడేసుకోని నీ ఇంట్లో పనికి చేరి, నాలుగు దినాలకే ఏడ్చుకుంటా వచ్చి ఆ పొట్లాన్ని నా కండ్ల ముందరే గుంత తీసి పూడ్చిపెట్టింది."