తీసివేసిన మాట

సంఘ ప్రమాణంలోని మొదటి మాటను భీమశంకరరావు ఉగాది నాటి ఉదయమే తీసివేశాడు.

ఆయన విశాఖపట్నంలో జైలు హెడ్ వార్డర్ల సంఘానికి కొత్త అధ్యక్షుడు. రక్తాక్షి నామ సంవత్సరం ఆయన చేతులమీదుగా ఆరంభమవుతోంది. జైలు గేటు ముందు సభ్యులందరూ లాఠీమీద కుడిచేయి ఉంచి బారులు తీరారు. ఏటా ఉగాదినాడు అలా నిలబడి ప్రమాణం చేయడం సంఘం ఆనవాయితీ.

"ఖైదీ శిరస్సుమీద కొట్టను" అన్నది అందులో మొదటి మాట.

"ఈయేడు ఆ మాట అనొద్దు," అన్నాడు భీమశంకరరావు. "నిరుడు ఖైదీల సేతుల్లో మనోళ్ల తలలు ఎన్ని పగిలినాయో మీకు తెల్సు. ఆళ్ల తలలకి మనం పూజలు సెయ్యాలేటి?"

అందరూ చప్పట్లు కొట్టారు.

"అసలా మాట ఎవులు పెట్టినారు బావా?" అని అడిగాడు జగ్గారావు. అతడు భీమశంకరరావు భార్యకు తమ్ముడు. హెడ్ వార్డరై నెల తిరగలేదు.

"పాతోళ్లు ఎవులో పెట్టీసినారు. ఆళ్లెల్లిపోనారు, మాట ఉండిపోనాది."

ప్రమాణం రెండవ మాటతో మొదలైంది.

వంటశాల ముందు ఖైదీలకు ఉగాది పచ్చడి పంచుతున్నారు. ఒక ఖైదీ రెండోమారు చిప్ప చాపాడు.

"ఏరా, నీ అత్తోరిల్లనుకున్నావేటి?" అన్నాడు జగ్గారావు.

"పండగ కదా బాబూ!"

నిన్నటిదాకా అయితే ఆ లాఠీ పిక్కమీద పడేది. ఆనాడు తలమీద పడింది.

నెత్తురు పచ్చడిలో చిందింది.

ఆవరణలోని ఖైదీలంతా ఒక్కసారిగా వార్డర్లమీద విరుచుకుపడ్డారు. రాళ్లు లేచాయి. పొయ్యి దగ్గరి కట్టెలు లేచాయి. ఒక వార్డరు పళ్లు ఊడి నేలరాలాయి. మరొకడి మోచేయి విరిగి వెనక్కు తిరిగిపోయింది. చిక్కినవాణ్ణి చిక్కినట్టు తొక్కారు. తప్పించుకున్నవారు గేటు దగ్గరికి వచ్చి పడ్డారు.

"జగ్గారావు వంటశాల కాడే ఉండిపోనాడు!" అని అరిచాడు వారిలో ఒకడు.

పొద్దున్నే ఇద్దరికీ బొట్టు పెడుతూ భార్య గంగాభవాని అన్న మాట భీమశంకరరావు చెవిలో గింగురుమంది.

"మా తమ్ముడు నీ కళ్లెదుటే ఉండాల. ఆడికేదైనా అయితే నాను బతకను."

అలారం గంట మోగింది. ఆ గంట మోగిందంటే ఖైదీ అన్నవాడు బారక్‌లో ఉండి తీరాలి. బయట కనబడినవాడు శత్రువే. అడగడం ఉండదు. కొట్టడమే.

వార్డర్లు వరదలా లోపలికి దూకారు. పరుగెత్తేవారి కాళ్లు విరిగాయి, పడినవారి వీపులు చిట్లాయి. అందరికన్నా ముందు భీమశంకరరావు వంటశాల చేరాడు.

తలుపు మూసి ఉంది. దానికి వీపు ఆనించి ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు. రేవులో బరువులెత్తే కలాసీల తగాదాలో పట్టుబడి వారం కిందట రిమాండుకు వచ్చినవాడు. రేవు ముసలాడు అనేవారు. అంతకుమించి ఎవరూ అడిగింది లేదు, అతడు చెప్పిందీ లేదు.

చేతిలో పొడవాటి ఇనుప గరిటె. దాని నిండా నెత్తురు. కాళ్ల దగ్గర నలిగిపోయిన జగ్గారావు టోపీ.

"మావోణ్ణి ఏటి సేసినావురా?"

"బాబూ, ఆగు..."

మాట పూర్తి కాకుండానే లాఠీ భుజంమీద పడింది. గరిటె జారిపోయింది. రెండో దెబ్బకు పక్కటెముకలు పటుక్కుమన్నాయి. ముసలివాడు మోకాళ్లమీద కూలాడేగాని తలుపును వదలలేదు.

మూడోసారి లాఠీ లేచింది. ముసలివాడు తలెత్తి చూశాడు. ఆ చూపులో భయం లేదు. తప్పు చేసిన పిల్లవాణ్ణి మందలించే పెద్దరికం ఉంది.

"తలమీద కాదు నాయనా! కాళ్లు ఇరగ్గొట్టు. తలమీద మాత్రం కాదు."

"ఎక్కడ కొట్టాలో నువ్వు నేర్పుతావేట్రా నాకు?"

దెబ్బ నడినెత్తిన పడింది.

అప్పుడు లోపలి గడియ చప్పుడయింది. తలుపు తెరుచుకోగానే ముసలివాడు వెనక్కు ఒరిగి జగ్గారావు కాళ్లమీద పడ్డాడు. జగ్గారావు ఒంటిమీద చిన్న గీత కూడా లేదు.

"ఏటి సేసీసినావు బావా!" అని అరిచాడతడు. "నన్ను లోపలికి తోసీసి, గడియెట్టుకోమని, ఒక్కడే అందర్నీ ఆపినాడు. ఆయన్ని కొట్టీసినావేటి!"

జైలు ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

సాయంకాలం సంఘం సభకు ముఖ్య అతిథిగా రావలసిన చలమయ్య వచ్చాడు. ఆయన ఎప్పుడో రిటైరైన హెడ్ వార్డరు. కొత్త అధ్యక్షుడికి వేయడానికి బంతిపూల దండ తెచ్చాడు. ఉదయం ప్రమాణం సంగతీ, తరువాతి సంగతీ గేటు దగ్గరే విన్నాడు.

ఆసుపత్రి వరండాలో దుప్పటి తొలగించి చూశాడు. దండ తీసి శవం మెడలో వేశాడు.

"ఎరుగుదురా మీరు?" అన్నాడు భీమశంకరరావు.

"ఎరక్కపోవడమేటి! వీరన్న. నాతోపాటు ఖాకీ తొడిగినోడు. సమ్మెలో ఉజ్జోగం పోతే రేవులో కలాసీగా సేరినాడు."

"మరి మాతో ఒక్క ముక్క సెప్పలేదేటి బాబూ?"

"ఒకప్పుడు వార్డరని తెలిస్తే ఆ బారక్‌లో ఖైదీలు బతకనిత్తురా?"

చలమయ్య వంగి, తెరుచుకుని ఉన్న ఆ పెదవులను తన వేళ్లతో మెల్లగా మూశాడు.

"మన సంఘం పెట్టినోడు ఈడే బాబూ. పొద్దున్న నువ్వు తీసీసిన మాట మాకు మొదట నేర్పినది ఈ నోరే."