ముఖం చాలు

"ఆపు! అక్కడే ఆపు!"

కొడుకు అరిచిన అరుపుకి ఫొటో స్టూడియో అతని వేలు మౌస్ మీద బిగుసుకుపోయింది.

తెర మీద బస్టాపు బెంచీ. దాని మీద పక్కకి ఒరిగిపోయిన అమ్మ. ఆమె పక్కన ఎవరో చారల చొక్కా మనిషి. అతని చెయ్యి అమ్మ సంచిలో ఉంది.

"అమ్మ మెడలో గొలుసు పోయింది. వీడి పనే. ముఖం తెలిసేలా ఒక ఫొటో తియ్యి."

బస్టాపుకి ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరాలోని వీడియో అది. నిన్న అమ్మ ఆయాసంతో అక్కడే కూలిపోయింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది, ఇంకా కళ్ళు తెరవలేదు.

స్టూడియో అతను ఫ్రేములు ఒక్కొక్కటే జరిపాడు. మనిషి కదిలిన చోటల్లా బొమ్మ అలికేసినట్టు వస్తోంది.

"కదిలేటప్పుడు ముఖం దొరకదన్నా. ఆగినప్పుడే పట్టుకోవాలి."

ఒక్కచోట చారల చొక్కా ఆగాడు. చెయ్యి సంచిలోనే ఉంచి, తలెత్తి అటూ ఇటూ చూశాడు.

"చూశావా, దొంగచూపులు!"

"సంచిలో పర్సు అలాగే ఉందన్నావు కదన్నా?"

"బంగారం దొరికినవాడికి చిల్లరెందుకు?"

స్టూడియో అతను తల గోక్కున్నాడు.

"మొదట్నుంచీ ఓసారి ఆడించి చూద్దామా?"

"నేను సినిమా చూడ్డానికి రాలేదు. ముఖం చాలు."

డబ్బులిచ్చేవాడి మాట కాదనడం ఎందుకని అతను మీట నొక్కాడు. బొమ్మ వచ్చింది, కడిగిన అద్దంలా ఉంది. కింద ఎర్రటి అక్షరాలతో 'దొంగ' అని రాయించాడు కొడుకు. అలా రాయడానికి జడ్జీ అక్కర్లేదు, ప్రింటరుంటే చాలు.

సాయంత్రానికి ఆ బస్టాపు వీధిలో స్తంభానికొకటి అంటించారు.

మర్నాడు మందుల షాపు నుంచి ఫోను.

"అన్నా, దొంగ దర్జాగా మళ్ళీ వచ్చాడు! మీ అమ్మ గురించే ఆరా తీస్తున్నాడు."

"ఇంకా ఏం మిగిలిందట దోచుకోడానికి? పట్టుకోండి, వస్తున్నా!"

కొడుకు వెళ్ళేసరికి జనం మూగి ఉన్నారు. మధ్యలో ఆ మనిషి, ఏం జరుగుతోందో అర్థంకాక బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు.

"బాబూ, మీ అమ్మగారికి ఎలా..."

"అమ్మ పేరెత్తావంటే నాలుక కోస్తా!"

మొదటి దెబ్బ కొడుకుదే. తర్వాతవి ఎవరెవరివో. ఏ తప్పు చేశాడో తెలియనివాళ్ళు కూడా తలో చెయ్యి వేసి వెళ్ళారు. కోపం మనది కాకపోయినా కొట్టడానికి ఏం ఖర్చు?

ఆ సాయంత్రం అమ్మ కళ్ళు తెరిచింది. కొడుకు ప్రాణం లేచొచ్చింది. మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడే మళ్ళీ ఫోను మోగింది.

"అన్నా, ఆ దొంగ ఇందాకే పోయాడట. ఎవరు కొట్టారో తెలీదని అందరం ఒకే మాట అనుకున్నాం. నువ్వూ అదే చెప్పు."

పదిమందిలో పాము చావదంటారు. మనిషి చచ్చాడు.

కొడుకు ఫోను పెట్టేశాడు. దొంగే కదా, దొంగే కదా అని తనకి తానే చెప్పుకున్నాడు. ఫోనులోంచి, అక్షరాలు వేయించకముందు ఎక్కించుకున్న ఆ ఫొటో తీసెయ్యబోయాడు.

"ఎవరిదిరా ఆ ఫొటో?" అమ్మ నీరసంగా అడిగింది. "ఏదీ, నా కళ్ళజోడు ఇలా ఇవ్వు. సంచిలో ఉంటుంది."

సంచి మంచం కిందే ఉంది. పర్సు చూసి, సరేననుకుని పక్కన పడేశారు. జోడు డబ్బా ఎవరూ తెరవలేదు.

కొడుకు తెరిచాడు.

జోడు కింద, చుట్టగా చుట్టిన గొలుసు.

అమ్మే డబ్బా లాక్కుని, జోడు పెట్టుకుని, ఫోను దగ్గరగా పట్టుకుని చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"ఈయనేరా! ఊపిరాడక కొట్టుకుంటుంటే మెడకి పట్టేస్తోందని గొలుసు విప్పాడు. జనంలో ఎక్కడ పోతుందోనని అటూ ఇటూ చూసి మరీ సంచిలో దాచాడు. సరిగ్గా అప్పుడే తీసినట్టున్నారే ఇది!"

"అమ్మా..."

"మందు పీల్పించి, అంబులెన్సు పిలిచి నా ప్రాణం నిలబెట్టిన మనిషి నాన్నా, ఈ ఫొటో పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకుందాం."