పీక నొక్కిన అక్షరాలు

“ఇవి అక్షరాలటయ్యా? పీక నొక్కితే గుడ్లు తేలేసినట్టున్నాయి!”

శ్రీమన్నారాయణ గారు బల్ల మీది చెక్క అక్షరాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన బల్లిని పారేసినట్టు పారేశారు. నూజివీడు మామిడి రైతుల సంఘానికి ఆ వారమే ఎన్నికలు. అధ్యక్ష పదవికి నిలబడిన ఆయన, పోస్టర్లు వేయించుకోడానికి ప్రెస్సుకి వచ్చారు.

కంపోజిటర్ సువర్ణరాజు ఆ అక్షరాన్ని తీసి గుడ్డతో తుడిచాడు. రెండు నెలలు కూర్చుని టేకు చెక్కలో తనే చెక్కుకున్న అచ్చులవి. గీతంతా ఒకటే లావు. ఎక్కడా సన్నబడదు, కొసన మెలి తిరగదు. గుండ్రటి అక్షరాల్ని రెండు పక్కలా అదిమి నిలువుగా సాగదీశాడు.

“మీ పేరు పొడుగండీ. మామూలు టైపులో ఒక్క వరసలో పట్టించాలంటే అక్షరం చిన్నదైపోద్ది. ఇవైతే ఇరుగ్గా సర్దుకుంటాయి. లావు కాబట్టి రోడ్డు అవతలికి కూడా కనపడతాయండీ.”

“నా పేరేమన్నా గంపలో కుక్కే కాయలా, ఇరుగ్గా సర్దడానికి? లతలూ పువ్వులూ ఉన్న టైపులో వెయ్. పేరు చూడగానే హోదా తెలియాలి. ఈ దుంగలు పశువుల సంతకి పనికొస్తాయి.”

“పొద్దున ఒకరు వీటితోనే రెండొందల పోస్టర్లు వేయించారండీ. ఈ ఎన్నికలకే.”

ఆయన మొహం మారింది. అప్పటిదాకా తనకి పోటీయే లేదనుకుంటున్నారు.

“ఎవడు వాడు?”

“నామినేషన్ వేసేదాకా చెప్పొద్దన్నారండీ. సాయంత్రం దాకా గడువుందిగా.”

“చెప్పుకోడానికి సిగ్గుపడే పేరు, దానికో పోస్టరు! నీ అక్షరాల గొప్ప ఇప్పుడే తేలుస్తా.”

రోడ్డు అవతల ఆయన బండి తోలే గంగరాజు ఎడ్లకి గడ్డి వేస్తున్నాడు. నిరుడే చదవడం నేర్చాడు. ఇంకా తడుముకుంటాడు.

“వాడు చదవగలిగితే నా పోస్టర్లూ వీటితోనే వేద్దువుగాని” అంటూ ఆయన బల్ల పక్కనున్న ఆ పొద్దుటి పోస్టర్ల కట్టలోంచి, రాత లోపలికి మడతపెట్టిన కాగితం ఒకటి లాగారు.

“వద్దండీ, మాటిచ్చాను” అని సువర్ణరాజు చెయ్యి అడ్డుపెట్టాడు.

“తప్పుకో! ఆ చెత్త నేనేం చూడన్లే.”

గుమ్మంలోకి వెళ్ళి, మడత విప్పి, రాతని రోడ్డు వైపు తిప్పి తల మీదికెత్తి పట్టుకున్నారు.

“ఒరేయ్ గంగరాజూ! అక్కణ్ణుంచే చదవరా. కనపడకపోతే గట్టిగా చెప్పు, ఈ మహానుభావుడు వినాలి.”

గంగరాజు గడ్డి వదిలేసి నిలబడ్డాడు. ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేదు.

“మన... సంఘానికి... అధ్యక్షులుగా...”

అంతవరకూ చదివి నోరు మూసేశాడు.

“చూశావా? ఆగిపోయాడు!” శ్రీమన్నారాయణ గారు పగలబడి నవ్వారు. “ఏరా, పేరు కనపట్టంలా?”

“శుబ్బరంగా కనపడతందండయ్యా” అన్నాడు గంగరాజు తలపాగా తీసేసి. “మన అమ్మగారి పేరండీ!”