ఉన్ని తొడుగులు

పెద్దపేగు క్యాన్సర్‌కు మూడో విడత కీమో ఎక్కించి నాలుగు రోజులైంది. అప్పటినుంచి చల్లటిది ఏది తాకినా ఆమె వేళ్లలో సూదులు దిగినట్టు అవుతోంది. కుళాయి, గొళ్లెం, ఫ్రిజ్ తలుపు, ఏదైనా సరే. అందుకే ఇంట్లో కూడా చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని తిరుగుతోంది.

"అచ్చం దొంగలా ఉన్నావే. మనింట్లో ఏముందని?" అన్నాడు భర్త ఆ రాత్రి, ఫ్లాస్కులో వేడినీళ్లు నింపుతూ.

"మీ చేతులుండగా ఇవెందుకు గానీ, ఇలా ఇవ్వండి" అంటూ తొడుగులు తీసి దిండు కింద పెట్టింది.

ముప్పై ఏళ్లు ఇస్త్రీ పెట్టె పట్టిన చేతులవి. ఏ కాలంలోనైనా వెచ్చగానే ఉంటాయి. వాటి మధ్య వేళ్లు దాచుకుని నిద్రపోయింది.

నడిరాత్రి నోరెండిపోయి మెలకువ వచ్చింది. ఫ్లాస్కు అతని వైపు ఉంది. చీకట్లో చెయ్యి చాపితే అతని మణికట్టు తగిలింది.

వేళ్లలో సూదులు దిగాయి.

చెయ్యి వెనక్కి తీసుకుంది. దుప్పటి అతని గడ్డం దాకా కప్పే ఉంది.

"ఏమండీ" అంది.

వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. ఆ తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు. అతని గురక కూడా.

భయం వేయాలి కదా అనుకుంది. వేయలేదు. ఇంకొక్కసారి తాకితే తెలిసిపోతుంది.

దిండు కింద తడిమి తొడుగులు తీసింది. ఒక్కో వేలే సర్దుకుంటూ రెండు చేతులకీ తొడుక్కుంది. అప్పుడు అతని చెయ్యి పట్టుకుంది. ఉన్నిలోంచి ఏదీ చల్లగా ఉండదు.

"పడుకోండి" అంది. "తెల్లారాక లేపుతాను."