కాయ కట్టిన జెముడు

"దొరికింది!"

ఆ కేకకి కింద జీపులో కునుకు తీస్తున్న ఫారెస్టు గార్డు ఉలిక్కిపడి లేచాడు. గబగబా కొండెక్కాడు.

మొక్కల పరిశోధకురాలు బండరాళ్ల మధ్య మోకాళ్లమీద కూర్చుని ఉంది. ఎదురుగా నడుమెత్తు జెముడు పొద. ఒళ్లంతా ముళ్లు. ముళ్ల మధ్య శనగగింజంత పచ్చటి కాయలు.

"ముళ్లపొదని చూసి ఇంత సంబరమా మేడమ్? మా ఆవిడ నన్ను చూసి ఒక్కరోజైనా ఇలా నవ్వలేదు."

"ముళ్లపొద కాదయ్యా బాబూ! ఈ జాతి మొత్తానికి మిగిలింది ఈ కొండే. కాయలు కడుతోందని చూపిస్తే క్వారీ ఆగిపోతుంది. లేదంటే వచ్చే నెలకి కొండే ఉండదు!"

కెమెరా టకటకా మోగింది.

పొద వెనకనుంచి ఓ ముసలాయన లేచి నిలబడ్డాడు. చిరుగుల చొక్కా. మోచేతులదాకా ముళ్లగీతలు.

"కాయ తెంపకు తల్లీ. ఇంకా పండలేదు."

"ఎవరు మీరు? ఇక్కడేం పని?"

"రోజూ వస్తుంటానమ్మా. పూత రోజుల్లో అయితే..."

"రోజూనా?" ఆమె గార్డు వైపు తిరిగింది. "గార్డూ, ముందు ఈయన్ని కిందికి దించు! ఈ పొదల్ని తొక్కితే మన పని గోవిందా!"

"ఒక్క మాట వినమ్మా..."

"తర్వాత తాతా, తర్వాత!"

ఇక అన్నీ చకచకా జరిగిపోయాయి. ఫొటోలు వెళ్లాయి. అధికారులు వచ్చారు. క్వారీ యంత్రాలు తోక ముడిచాయి. కొండచుట్టూ ఎనిమిదడుగుల కంచె లేచింది. గేటు మీది బోర్డుకి మాటలు ఆమే రాసిచ్చింది.

'లోపలికి ఎవరూ రాకూడదు.'

మరుసటి ఏడు, పూత ముగిసిన నెలకి, ఆమె ఒక్కో అంగలో రెండేసి రాళ్లు దాటుతూ కొండెక్కింది.

మొదటి పొద చూసింది. రెండోది చూసింది. తర్వాత పరుగెత్తింది.

నలభై పొదలు. ఒక్క కాయ లేదు.

"అసలు పూసిందా?" వెనకే వచ్చిన గార్డుని అడిగింది.

"విరగబూసింది మేడమ్! కొండంతా పసుపే."

"మరి కాయలేవి? మగపూల పొదలు ఆ గట్టున, ఆడపూల పొదలు ఈ గట్టున. మధ్యలో పుప్పొడి మోసే పురుగేదో ఉండితీరాలి. అదేమిటో పట్టుకున్నామంటే..." ఆమె కళ్లు మళ్లీ మెరిశాయి. "నువ్వేమైనా చూశావా?"

గార్డు తల గోక్కున్నాడు.

"పురుగులేవీ కనబళ్లేదు మేడమ్. ఆ ముసలాయన మాత్రం పూత ఉన్నన్నాళ్లూ కంచె పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వదలమని ఒకటే బతిమాలాడు. రూలు రూలేనన్నాను."

"ఎక్కడుంటాడు? పద, ఇప్పుడే వెళ్దాం!"

"పూత రాలిన వారానికే పోయాడు మేడమ్."

ఆమె ఆగిపోయింది. "లోపల ఆయనకేం పనట?"

"ఏదో పిచ్చి లెండి. వాళ్లమ్మాయి చెప్పింది... పాతికేళ్లుగా పూత రోజుల్లో ఆ గట్టు పూలపొడిని కోడి ఈకకి అద్దుకొచ్చి, ఈ గట్టున పువ్వు పువ్వుకీ పూసేవాడట."