పాతింటి తలుపు

"సైటు తెరుచుకోవట్లేదురా, కొంప మునిగింది," అంటూ అక్క ల్యాప్‌టాప్‌ను తమ్ముడి ముందుకు తోసింది.

ఆమె పూలకుండీల అమ్మకమంతా ఆ సైటు మీదే. పొద్దున సర్వర్ చెడిపోతే, తమ్ముడే సైటును ఇంకో సర్వర్‌కు మార్చాడు.

"నా ఫోన్‌లో శుభ్రంగా వస్తోంది, చూడు."

"పొద్దున్నుంచీ దీని ముందు కాపలా కూర్చున్నది నేను. నాకే రాదా?"

"కూర్చున్నావు కాబట్టే రాదు. నీ బ్రౌజర్ పాత సర్వర్ అడ్రసు గుర్తుపెట్టుకుని, ఎవర్నీ అడక్కుండా అక్కడికే పోతోంది. కొత్తగా వచ్చేవాళ్లు అడ్రసు అడిగి వస్తారు, తిన్నగా చేరతారు."

"ఎంత మొద్దుబుర్రరా దీనిది. ఇల్లు మారాక కూడా పాతింటి తలుపు కొట్టేవాళ్లుంటారా ఎక్కడైనా?"

తమ్ముడు నవ్వి బ్రౌజర్‌ను మూసి తెరిచాడు. కుండీల బొమ్మలన్నీ వరసగా వచ్చేశాయి.

అంతలో ఆఫీసు నుంచి బావ వచ్చాడు.

"ఇంత ఆలస్యమేం?" అంది అక్క.

బావ నసిగాడు. "పరధ్యానంలో పాతింటికి వెళ్లిపోయాను. బెల్లు కొట్టాక గానీ గుర్తు రాలేదు, పోయిన వారమే ఖాళీ చేశామని."

అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు అడిగాడు. "వాళ్లేమీ అనుకోలేదా బావా?"

"అబ్బే. ఆ ఇంటావిడ నవ్వేసి, 'నిన్న మీ ఆవిడ కూడా ఇలాగే వచ్చారండీ' అంది."

అక్క ఏమీ వినబడనట్టు ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చింది.