జనవరిలో ఆవిరి

ఆ జనవరి ఉదయం అబీలియో ఇంటి మెట్లెక్కేటప్పుడు నా సంచిలో అక్వేరియంలో బుడగలాపే ఒక స్పాంజి, ఒక గాజుపలక ఉన్నాయి. రెండూ అంటగట్టాలనే వెళ్లాను.

"మురికిని నురగగా తీస్తుందని నువ్వమ్మిన స్కిమ్మర్ సోడా కొడుతోందయ్యా! అక్వేరియం నిండా సన్నబుడగలే. చేపలు కనబడి చస్తేగా!" అన్నాడు అబీలియో.

ఆ ఉప్పునీటి అక్వేరియం కింది అలమర తెరిచాను. స్కిమ్మర్ బాగానే ఉంది. అది నిలబడిన తొట్టెలో నీరు తగ్గిపోయి, పంపు గాలి పీలుస్తోంది.

"నీళ్లు పోస్తున్నారా?"

"రోజూ రెండు బకెట్లు. ఆవిరైపోతోంది మరి."

"లిస్బన్‌లో జనవరికి అంత ఎండలా, సారూ?"

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అలమర వెనక చెక్కనేల సందుల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది. వేలితో నొక్కితే చెక్క నానిన రొట్టెలా లోపలికి పోయింది. ఆ సందుల్లోంచే జోలపాట వినిపిస్తోంది.

"కింద ఎవరు?"

"మా చెల్లి గ్రాసిండా. పాపని పడుకోబెడుతోంది. కప్పు చెమ్మగా ఉందని ఒకటే గొణుగుడు. చలికాలం చెమ్మ ఉండదా?"

"ఉయ్యాల ఏ మూల?"

అబీలియో అక్వేరియం కాళ్ల వైపు చూశాడు.

"గ్రాసిండా! పాపని ఎత్తుకుని వీధిలోకి పో!" అని నేల సందుల్లోకి అరిచాడు.

పాట ఆగింది. మేం మెట్లు దిగుతుండగానే వెనక దూలం విరిగింది. అక్వేరియం సరిగ్గా ఉయ్యాల మీద పడింది.

తెచ్చిన సరుకు సంచిలోనే ఉండిపోయింది. ఆనాటి లాభమంతా వీధిలో, గ్రాసిండా భుజం మీద వెక్కుతోంది.